నౌపడ చిన్న రైలు ఎందుకు పోయింది, డార్జిలింగ్‌ది ఎందుకు మిగిలింది?

పాతపట్నం నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "మా తాత నౌపడ–గుణుపురం చిన్న రైలు గురించి ఎప్పుడూ చెప్తుంటాడు. డార్జిలింగ్‌లో, స్విట్జర్లాండ్‌లో ఇలాంటివి ఇప్పటికీ నడుస్తున్నాయి కదా, మనది ఎందుకు పీకేశారు? అసలు మొదట్లోనే పెద్ద లైను ఎందుకు వెయ్యలేదు? ట్రాములు కూడా ఇవేనా? మా పిల్లలకి చూపించాలంటే ఎక్కడికి తీసుకెళ్లాలి?"

తమ్ముడూ, నీ ప్రశ్నలో కొంచెం కోపం ఉంది, అది నాకు తెలుస్తోంది. ఆ లైను మీదే గ్యాంగ్‌మేన్‌గా చేరి, కీమేన్‌గా సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టాల వెంట నడిచి, తర్వాత మేటుగా, అంటే ఆ పట్టాల పని గుంపుకి పెద్దగా, చేసినవాణ్ని కాబట్టి అది పోయినందుకు బాధ నాకూ ఉంది. కానీ బాధ వేరు, లెక్క వేరు. నేను లెక్క చెప్తాను, నచ్చకపోతే తిట్టుకో.

ముందు ఒక సంగతి. గేజ్ అంటే రెండు పట్టాల మధ్య దూరం. అది తక్కువున్న నేరో గేజ్ అంటే కొండల రైలు అని అందరూ అనుకుంటారు, ఎందుకంటే ఫొటోల్లో కనపడేవి ఊటీ, సిమ్లా, డార్జిలింగ్. మన లైను చూడు. నౌపడ ఉప్పు మళ్ల దగ్గర బయలుదేరి టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి దాకా అది ఏ కొండ ఎక్కిందిరా? చేల గట్ల పక్కనే పోయేది. అదే కొత్తవలస నుంచి కిరండూల్ పోయే అరకు లైను చూడు, 58 సొరంగాల్లోంచి దూరి శిమిలిగుడ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది, అదంతా బ్రాడ్ గేజే, అయిదున్నర అడుగుల పెద్ద లైనే. ఎందుకంటే బైలడిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కి పంపాలని 1960ల్లో వేసిన లైను అది. సరుకు దండిగా ఉంటే కొండ తొలిచైనా పెద్ద లైను వేస్తారు, లేకపోతే చదును నేల మీద కూడా చిన్నదే. గేజ్‌ని ముందు తేల్చేది బరువూ డబ్బూ, కొండలు ఆ తర్వాత.

మన లైను పుట్టుక కూడా అలాంటిదే. మద్రాసు–కలకత్తా వైపు పెద్ద లైను మన శ్రీకాకుళం జిల్లా మీదుగా 1890ల్లో పడింది, నౌపడని తాకుతూ పోయింది, పర్లాకిమిడి మాత్రం 40 కిలోమీటర్లు లోపల ఉండిపోయింది. అప్పుడు అక్కడి గజపతి రాజావారు సొంత సొమ్ము సుమారు 7 లక్షలు పెట్టి రెండున్నర అడుగుల లైను, అంటే 762 మిల్లీమీటర్లది, వేయించారు. 1900 ఏప్రిల్ 1న బండి మొదలైంది. మొదటి పదేళ్లూ నష్టమే! 1910 తర్వాత కాస్త లాభం కనపడింది, 1920ల మధ్యకి ఫరవాలేదనిపించింది, ఆ ధైర్యంతో 1929, 1931ల్లో రెండు విడతలుగా గుణుపురం దాకా లాగారు, మొత్తం దాదాపు 90 కిలోమీటర్లు. ఇంత చౌకగా వేసిన లైనే పదేళ్లు తన ఖర్చు తాను రాబట్టుకోలేకపోతే, అయిదున్నర అడుగుల లైను వేసి ఉంటే రాజావారి ఖజానా ఏమయ్యేదో నువ్వే ఊహించుకో. అందుకే మొదట్లోనే పెద్ద లైను వెయ్యలేదు. అది పిసినారితనం కాదు, తెలివే.

ఎందుకు చౌక అంటే పట్టాల మధ్య దూరం తగ్గడం ఒక్కటే కారణం కాదు, అది చిన్న విషయం. అసలు సంగతి ఇరుసు మీద పడే బరువు. మహారాష్ట్రలో బార్శీ లైట్ రైల్వే అని ఒకటి ఉండేది, ఎవెరార్డ్ కాల్త్రాప్ అనే ఇంజినీరు 1897లో మొదలుపెట్టాడు, అదీ రెండున్నర అడుగులదే. ఏ ఇరుసు మీదా 5 టన్నులు మించకూడదు అని ఆయన గీత గీసుకున్నాడు. ఇంజన్‌కీ అంతే, వేగన్‌కీ అంతే. ఇవాళ పెద్ద లైను మీద గూడ్సు బండి ఇరుసు బరువు 20 టన్నులు దాటుతుంది. ఇరుసు బరువు తగ్గితే సన్న పట్టా సరిపోతుంది, సన్న పట్టా కింద పల్చటి కంకర చాలు, కల్వర్టులు తేలిగ్గా కట్టుకోవచ్చు, మట్టి కట్ట సన్నగా పోసుకోవచ్చు. ఒకదాని వెనక ఒకటి అన్నీ తగ్గుకుంటూ వస్తాయి. (ఈ కాల్త్రాప్ మహానుభావుడే తర్వాత విమాన చోదకుల కోసం పారాచూట్ కూడా తయారుచేశాడు. బరువు లెక్క మీద పిచ్చి ఉన్న మనిషికి అది సహజమేననిపిస్తుంది నాకు.)

రెండోది మలుపులు. మా పర్మనెంట్ వే మాన్యువల్లో, అంటే పట్టాల పని నియమాల పుస్తకంలో, బ్రాడ్ గేజ్ మలుపు వ్యాసార్ధం 175 మీటర్ల కంటే తగ్గకూడదని రాసి ఉంటుంది, మీటర్ గేజ్‌కి 109, నేరో గేజ్‌కి 44. కల్కా–సిమ్లా లైనులో 37 మీటర్ల మలుపులు కూడా ఉన్నాయి, డార్జిలింగ్‌లో అయితే సుమారు 20 మీటర్లు, దాదాపు ఒక కల్యాణ మండపం చుట్టూ తిప్పినట్టే. అలా తిప్పగలిగితే కొండని తవ్వే పని లేదు, దాని ఒంపుల వెంబడే పోవచ్చు. కొండల్లో చిన్న లైను బతికింది ఇందుకు.

మరి దీని ఖరీదు ఏంటి? వేగం. ఇది పుస్తకాల్లో కన్నా పని చేసినవాడికి బాగా తెలుస్తుంది. వాన పడి ఒక పక్క స్లీపరు (పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మ) కింద మట్టి దిగి పట్టా పది మిల్లీమీటర్లు కుంగిందనుకో. పెద్ద లైను మీద 1676 మిల్లీమీటర్లలో పది. చిన్న లైను మీద 762లో పది. అంటే అదే తప్పుకి పెట్టె రెండింతల కంటే ఎక్కువ వాలుతుంది. పైగా పెట్టె వెడల్పు మాత్రం పట్టాల వెడల్పంత తగ్గదు, అటూ ఇటూ బయటికి వచ్చి ఉంటుంది, మా వాళ్లు "గంప నెత్తిన పెట్టుకున్న గుంట నడిచినట్టు నడుస్తాది" అనేవాళ్లు. అందుకే లెవల్ చూసుకోవడంలో చిన్న లైను వాళ్లకి నిజానికి పని ఎక్కువ, పేరు మాత్రం తక్కువ. నేను బదిలీ మీద పెద్ద లైనుకి వెళ్లినప్పుడు అక్కడి మేటు "ఆటబొమ్మ లైను నుంచి వచ్చావా" అని నవ్వాడు, వారం తర్వాత నా లెవల్ చూసి మళ్లీ ఆ మాట అనలేదు.

ఇక దాన్ని చంపింది ఏంటి? నెమ్మదిగా పోవడం వల్ల పోయింది అంటారు. కొంత నిజం, బస్సులొచ్చాక టెక్కలి నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు కోసం ఎదురుచూసే ఓపిక ఎవరికుంది? కానీ నా దృష్టిలో అసలు జబ్బు నౌపడ స్టేషన్‌లో ఉంది. మా తాత అక్కడ కూలీ. లోపలి నుంచి బియ్యం, చింతపండు, వెదురు చిన్న వేగన్లలో వచ్చేవి, అవి పెద్ద వేగన్లలోకి మారాలి. మారడం అంటే మనుషులు మొయ్యడమే. ప్రతి బస్తా ఒకసారి దింపి, మోసి, మళ్లీ ఎక్కించాలి. కొంత చిరిగేది, కొంత తడిసేది, కొంత ఎటు పోయేదో దేవుడికే తెలుసు. 40 కిలోమీటర్ల ప్రయాణానికి ఎంత ఖర్చో ఆ ప్లాట్‌ఫారం దాటడానికి దాదాపు అంత అయ్యేదని తాత అనేవాడు, ఆ లెక్క నేను సరిచూడలేదు గానీ ఆయన వీపు చూశాను. లారీ వచ్చి పర్లాకిమిడి మిల్లు గుమ్మంలో ఎక్కించుకుని విశాఖలో గోదాం గుమ్మంలో దింపుతుంటే, మధ్యలో రెండుసార్లు బస్తా మోయించే రైలు ఎవరికి కావాలి?

ఇది మన ఒక్కరి బాధ కాదు. ఇంగ్లండులో బ్రునెల్ అనే మహా ఇంజినీరు ఏడడుగుల పైచిలుకు గేజ్ వేశాడు, చుట్టుపక్కల వాళ్లు 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలది వేశారు, రెండూ కలిసే గ్లాస్టర్ స్టేషన్‌లో ప్రతి మూటా చేతులతో మార్చేవాళ్లు, ఆ గందరగోళం పార్లమెంటు దాకా పోయి 1846లో గేజ్ చట్టం వచ్చింది. అక్కడ చిన్న గేజ్ గెలిచి పెద్దది ఓడింది, గమనించు! ఏది మంచిదన్నది కాదు, పక్కవాడిది ఏదన్నదే తేల్చింది.

ఇప్పుడు బతికి ఉన్నవాటిని ఈ కళ్లజోడుతో చూడు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ చెరకు లైన్లు రెండడుగులవి, అన్నీ కలిపితే సుమారు 4000 కిలోమీటర్లు. మ్యూజియం కాదు, ఇవాళ్టికీ డీజిల్ ఇంజన్లు వందల బుట్టల చెరకు లాక్కుంటూ పోతాయి. ఎందుకు బతికాయి? చెరకు పొలంలో ఎక్కుతుంది, ఫ్యాక్టరీలో దిగుతుంది, అంతే. మధ్యలో నౌపడ లేదు. మన రాజాం, బొబ్బిలి వైపు అదే చెరకు ట్రాక్టర్ల మీద పోతుంది, సీజన్‌లో రోడ్డు మీద ఎంత టెన్షనో నీకు తెలుసు.

వేల్స్‌లో ఫెస్టినియోగ్ అని ఉంది, 1836లో మొదలు, రెండడుగులకి కాస్త తక్కువ. కొండ మీది పలకరాయి గని నుంచి కింద పోర్త్‌మడోగ్ రేవుకి లైను మొత్తం ఒకే వాలుగా వేశారు, కాబట్టి నిండు బండ్లు తమంతట అవే దిగేవి, బ్రేకు పట్టుకోవడానికి మనిషి ఉంటే చాలు. గుర్రాలు ఖాళీ బండ్లని పైకి లాగేవి, దిగేటప్పుడు వాటికీ ఒక పెట్టె ఉండేది, దాన్లో నిలబడి గడ్డి మేస్తూ దర్జాగా కిందికొచ్చేవి. నాకు ప్రపంచంలో అన్నిటికన్నా నచ్చిన రైలు అదే. 1863లో ఆవిరి ఇంజన్లు వచ్చాయి, అంత సన్న లైను మీద ఇంజన్ నడవదని అప్పటిదాకా చాలామంది వాదించేవాళ్లు. అక్కడా గని నుంచి ఓడ దాకా బస్తా మార్పిడి లేదు. పలకరాయికి గిరాకీ పడిపోయాక 1946లో అదీ మూతపడింది, మళ్లీ 1955 నుంచి వాలంటీర్లు కొద్దికొద్దిగా తెరుచుకుంటూ వచ్చారు. దానికి ముందే 1951లో పక్కనున్న తల్లిలిన్ లైనుని ఇలాగే అభిమానులు చేతిలోకి తీసుకున్నారు, ప్రపంచంలో అలా నిలబెట్టిన మొదటి రైలు అదేనంటారు. ఆదివారం వచ్చి ఊరికే స్లీపర్లు మార్చే డాక్టర్లు, లాయర్లు అక్కడ ఉన్నారు. మన దగ్గర నేను జీతానికి మారిస్తేనే ఇంట్లో వీపుకి కాపడం పెట్టేవాళ్లు.

జపాన్ సంగతి ఇంకో రకం. జపాన్ 1872లో మొదటి రైలే 1067 మిల్లీమీటర్లతో వేసింది, తర్వాత దేశమంతా అదే వేసుకుంటూ పోయింది, ఇక పక్కవాడితో గొడవే లేదు. బుల్లెట్ రైలు కావాల్సి వచ్చినప్పుడు 1964లో దానికి 1435తో వేరే లైను వేసుకున్నారు, పాతది పీకలేదు. స్విట్జర్లాండులో నువ్వు ఫొటోల్లో చూసే ఎర్ర రైలు రేటియన్ రైల్వేది, మీటర్ గేజ్, వందల కిలోమీటర్ల సొంత నెట్‌వర్క్. అందులో బెర్నినా లైను వెయ్యికి 70 వాలుతో, పళ్ల చక్రం ఏమీ లేకుండా కరెంటు మోటార్ల బలంతోనే సముద్రమట్టానికి 2253 మీటర్ల ఎత్తు దాకా ఎక్కుతుంది. 2022 అక్టోబర్‌లో ఆ కంపెనీ వాళ్లు వంద పెట్టెలు కలిపి 1910 మీటర్ల రైలు నడిపి రికార్డు కొట్టారు. చిన్న గేజ్ అంటే చిన్న రైలే అనుకునేవాళ్లకి అది చూపించాలి.

డార్జిలింగ్ కథ వేరే. అక్కడా కింద గేజ్ మారుతుంది, అక్కడా జీపులు రైలుకన్నా ముందే వెళ్లిపోతాయి. కానీ అక్కడికొచ్చేవాడికి తొందర లేదు, ఆ నెమ్మదితనం కొనుక్కోవడానికే వస్తాడు. 1881లో పూర్తయిన లైను, 88 కిలోమీటర్లు, రెండడుగులు, 1999లో యునెస్కో జాబితాలో చేరింది, ఆ తర్వాత 2005లో నీలగిరి, 2008లో కల్కా–సిమ్లా. మన నౌపడ లైను మీద కిటికీలోంచి చూస్తే ఏం కనపడేది? వరి చేలు, తాటి చెట్లు, గేదెలు. నాకు అందమే, నీకూ అందమే. ఢిల్లీ నుంచి టికెట్టు కొనుక్కుని వచ్చేవాడికి కాదు. ఇది చెప్పడానికి నాకే కష్టంగా ఉంది. ఇలాంటి చదును నేల లైన్లు మన ఒక్కటే పోలేదు, గ్వాలియర్ నుంచి శ్యోపూర్ దాకా రెండడుగుల లైను, దాదాపు 200 కిలోమీటర్లది, అదీ మహారాజులు వేసిందే, 2020లో ఆగిపోయింది.

"పీకేశారు" అన్నావు చూడు, ఆ మాట పూర్తిగా సరికాదు. మన లైనులో ఆవిరి ఇంజన్లు 1992 దాకా ఉన్నాయి, తర్వాత డీజిల్. 2004లో బళ్లు ఆపి గేజ్ మార్పిడి మొదలుపెట్టారు, 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపురానికి పెద్ద రైలు వచ్చింది. ఇవాళ మీ పాతపట్నంలో ఎక్కి సామాను మార్చకుండా విశాఖ వెళ్తున్నావంటే అది ఆ మార్పిడి పుణ్యమే. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 1886లో పదకొండు వేల మైళ్ల పైచిలుకు లైను రెండు రోజుల్లో మార్చారు, మనకి ఇన్నేళ్లెందుకు అని అప్పట్లో టీ కొట్టు దగ్గర ఒక మేస్టారు నన్ను నిలదీశారు. వాళ్లు 5 అడుగులని 4 అడుగుల 9 అంగుళాలకి తగ్గించారు. ఒక పట్టాని మూడంగుళాలు లోపలికి జరిపితే అయిపోయింది, మేకులు కూడా ముందే కొట్టి పెట్టుకున్నారు. తగ్గించడం సులువు, పెంచడం అలా కాదు మేస్టారూ, రెండున్నర అడుగుల బండి కోసం పోసిన కట్ట అయిదున్నర అడుగుల బండిని మొయ్యదు, కట్ట వెడల్పు చెయ్యాలి, వంతెనలు కొత్తగా కట్టాలి, మలుపులు సాపు చెయ్యాలి. అంటే పాత లైను పేరుతో కొత్త లైను వెయ్యడమే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, టీ డబ్బులు మాత్రం ఆయనే ఇచ్చారు.

ఒక్క విషయంలో నీ కోపంతో నేను కలుస్తాను. టెక్కలి నుంచి నౌపడ దాకానో, పాతపట్నం నుంచి మహేంద్రతనయ దాటి పర్లాకిమిడి దాకానో, ఓ చిన్న ముక్క పక్కన ఉంచేసి, శని ఆదివారాలు ఒక ఇంజన్, రెండు పెట్టెలు తిప్పి ఉంటే బాగుండేది. గుజరాత్‌లో బిలిమోరా–వాఘై మధ్య 63 కిలోమీటర్ల లైను అచ్చం మన 762 గేజే, గైక్వాడ్ మహారాజు కాలంది, దాన్ని మార్చకుండా ఉంచారు.

ట్రాముల సంగతి క్లుప్తంగా చెప్తాను, నాకు వాటి మీద పని చేసిన అనుభవం లేదు. ట్రాము అంటే రోడ్డు మీద జనంతో కలిసి పోయేది, గేజ్‌తో దానికి సంబంధం లేదు. లిస్బన్‌లో 900 మిల్లీమీటర్లు, హాంకాంగ్‌లో రెండంతస్తుల ట్రాములు 1067, మెల్‌బోర్న్‌లో 1435. కోల్‌కతాలో 1873లో గుర్రాలతో మొదలైంది, 1902లో కరెంటు వచ్చింది, అదీ 1435. మద్రాసులో అంతకు ముందే 1895లో కరెంటు ట్రాము నడిచింది, 1953 దాకా ఉంది. మన సిక్కోలు వాళ్లు సగం మంది ఖరగ్‌పూర్ రైల్వేలోనే ఉన్నారు కదా, మా మేనమామ కూడా అక్కడే, ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు కోల్‌కతా ట్రాము ఎక్కాను, కూర్చున్న అరగంటా కిందికి వంగి పట్టా అతుకులు చూస్తూ ఉంటే మామ "దిగిపో, పరువు తీస్తున్నావు" అన్నాడు. ఇంకో రకం ట్రామ్‌వే కూడా ఉంది, అడవిలో కలప దింపడానికి వేసేది. కేరళలో కొచ్చిన్ సంస్థానం వాళ్లది 1907 నుంచి 1963 దాకా నడిచింది, కొండ వాలులో కిందికి దిగే కలప బండి బరువే, తాడుతో కట్టిన ఖాళీ బండిని పైకి లాగేది.

పిల్లలకి చూపించాలంటే నా సలహా ఊటీ. అది ఖచ్చితంగా చెప్పాలంటే మీటర్ గేజ్, నేరో గేజ్ కాదు, ఎవరైనా రైల్వే వాడు పక్కన కూర్చుంటే ఈ మాట తప్పకుండా అంటాడు, పట్టించుకోకు. మేట్టుపాళయంలోనే ఎక్కాలి, ఊటీ నుంచి కూనూరు దాకా ఎక్కి వచ్చేస్తే ఆవిరి ఇంజన్ రాదు, డీజిలే. టికెట్లు చాలా ముందే తీసుకో. బండి కదిలాక మొదట మామూలు రైల్లాగే పోతుంది, కల్లార్ స్టేషన్ దగ్గర పిల్లల్ని లేపి కిందికి చూడమను. అక్కడి నుంచి పట్టాల మధ్యలో పళ్లున్న ఇనుప కమ్మీ మొదలవుతుంది, ఇంజన్ కింద పళ్ల చక్రం దానిలో దిగి 12 అడుగులకి ఒక అడుగు చొప్పున కొండెక్కుతుంది. ఇంజన్ ముందు ఉండదు, వెనక నుంచి తోస్తుంది, కాబట్టి పొగ కావాలంటే చివరి పెట్టె, దృశ్యం కావాలంటే మొదటి పెట్టె. మీ తాతని కూడా తీసుకెళ్లు, ఆయన్ని చివరి పెట్టెలో కూర్చోబెట్టు.